ఆరు సోమవారాల తరగతి

తేది 9-7-2025, బుధవారం. మబ్బు ఉంది, వాన లేదు, గాలి ఎక్కువ. తెల్లవారి ట్యాంకు నింపి, ఒకటి, రెండు, మూడు, నాలుగు వాల్వులు వరుసగా తిప్పి, ఇది రాయడానికి కూర్చున్నాను.

విదేశ విద్యా సహాయ విభాగపు జిల్లా అధికారి గారి సముఖమునకు, రాయచూరు.

అయ్యా,

విషయం: నా మేనకోడలు సవిత ఫైలును శుక్రవారం లోపల కదిలించుట గురించి, ఆ ఫైలును అడుగున పెట్టిన గుమాస్తా విరూపాక్ష గారికి ఆరు సోమవారాల తరగతి పెట్టించుట గురించి.

గిల్లేసూగూరు దగ్గరి పల్లెలో పంచాయతి నీళ్ళు వదిలే పని చేయుచున్న దుర్గప్ప అను నేను మనవి చేసుకొనునది. ఇదే సంగతి కన్నడంలో మూడు అర్జీలుగా ఇచ్చి ఉన్నాను. మూడింటి మీద ముద్ర పడింది, జవాబు రాలేదు. తమరు తెలుగు చదువగలరని తమ జీపు డ్రైవరు చెప్పినందున ఇది తెలుగులో రాస్తున్నాను. కోపం నాకు ఈ భాషలోనే సరిగా వస్తుంది.

1. సవిత మా చెల్లెలు నింగమ్మ కూతురు. వ్యవసాయ డిగ్రీ పాసైంది. నేల, నీళ్ళ మీద పై చదువుకు ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది. ఇంగ్లీషు పరీక్షలో అర మార్కు తగ్గినందున ఒక షరతు పెట్టింది. అసలు చదువు సెప్టెంబరులో మొదలు. దానికి ముందు ఎండాకాలంలో ఎనిమిది వారాల తరగతి అక్కడే చేయాలి. ఉపన్యాసం వింటూ రాసుకొనుట, వ్యాసం కట్టుట, ప్రయోగశాలలో నడుచుకొనుట, ఇవి నేర్పుతారట. పంపు వేయగానే వచ్చే ఎర్రనీళ్ళు పోనిచ్చి, తర్వాత బిందె పెట్టినట్టు అని నేను అర్థం చేసుకున్నాను.

2. ఆ తరగతి జూన్ 23న మొదలు. వీసాకు తమ విభాగపు మంజూరు ఉత్తరువు జతచేయాలి. ఏప్రిల్ 21న అన్ని కాగితాలతో ఫైలు విరూపాక్ష గారి చేతికి ఇచ్చినాము. ఒక్క కాగితం తక్కువ లేదని ఆయనే చూసి చెప్పినారు.

3. ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, దాచను. మా ఊరిలో నల్లా దగ్గర బిందె పెట్టి పోతే, మనిషి లేకపోయినా పాళి, అంటే వంతు, ఉంటుంది. ఒకరి బిందెను ఇంకొకరు జరపరు. బిందె లేనివారు రాయి పెట్టి పోతారు, రాయిని కూడా జరపరు. నేను ఇరవై రెండేండ్లుగా ఈ పాళి కాపాడుతున్నాను. ఫైలు కూడా అట్లే ఉంటుందనుకొని మూడు వారాలు కచేరికి రాలేదు. మే 12న వచ్చి చూస్తే సవిత ఫైలు కట్టకు అడుగున ఉంది. కొత్తగా వచ్చినవి పైన వేసి, పైనున్నవే చూస్తారట. అడిగితే విరూపాక్ష గారు నవ్వి ఇట్లా అన్నారు: "గిది నల్లా కాదు దుర్గప్పా, బిందె పెట్టిపోతే పాళి నిలవనీకె. ఈడ మనిషి నిలవాలె."

4. సవితా నేనూ నిలబడినాము. మే 12, 19, 26, జూన్ 2, 9, 16. ఆరు సోమవారాలు. నీళ్ళ వేళలు రాసుకునే నా పుస్తకంలో ఆరు రోజుల ఎండా, బస్సు వేళా ఉన్నవి. వరండాలో బల్ల ఉంది, మమ్మల్ని కూర్చోవద్దన్నారు. ప్రతిసారి సాయంత్రం ఐదుకు వచ్చే సోమవారం రమ్మన్నారు. కారణం ఒక్కసారీ చెప్పలేదు. జూన్ 16న సవితకు కళ్ళు తిరిగి స్తంభం పట్టుకుంటే, విరూపాక్ష గారు కిటికీ మూసుకున్నారు. దుమ్ము వస్తుందని.

5. జూన్ 23న అక్కడ తరగతి మొదలైంది. విరూపాక్ష గారిది మా ఊరే, నాలుగో వాల్వు వీధి. 24న తెల్లవారి ఆయన పళ్ళు తోముకుంటూ నల్లా దగ్గరికి వచ్చి, పదిమంది ఆడవాళ్ళ ముందర, సవిత బిందె ఎత్తుకుంటుండగా అడిగినారు: "ఏం దుర్గప్పా, మేనకోడలు ఇమానం ఎక్కలేదా ఇంకా?" కొందరు నవ్వినారు. సవిత బిందె దించలేదు, నీళ్ళు ఒలకలేదు. నేను ఆ దినం పుస్తకంలో ఏమీ రాయలేదు.

6. ఇంకా ఒక్క దారి ఉంది. ఆగస్టు 4న ఐదు వారాల చిన్న తరగతి మొదలవుతుంది. ఈ శుక్రవారం, 11వ తేది సాయంత్రం ఐదు లోపల ఉత్తరువు నకలు పంపితే సీటు నిలుపుతామని వారు రాసినారు. లేకుంటే లేదు.

7. జూన్ 24 నుంచి నేటికి పదహారు దినాలు. పదహారు దినాలూ నాలుగో వాల్వు తిప్పినాను. ఆ వీధిలో విరూపాక్ష గారిది కాక పదకొండు ఇండ్లు ఉన్నవి. ఆ పదకొండు మందిని మనసులో పేరు పేరునా అనుకొని తిప్పినాను. నా మొహం చూసి సవిత చెప్పింది: "మామా, పాళి తప్పిస్తే నువ్వు గూడ గుమాస్తవే అయితవు." అందుకని ఆ వీధికి నీళ్ళు ఆపలేదు. అయితే పదకొండు పెద్ద లెక్క అని మొదట్లో అనిపించినంత ఇప్పుడు అనిపించుట లేదు.

కనుక తమరు దయచేసి శుక్రవారం ఐదు లోపల ఉత్తరువు ఇప్పించగలరు.

విరూపాక్ష గారిని సస్పెండు చేయవద్దు. ఇంట్లో ఫ్యాను కింద పడుకుంటారు. బదిలీ వద్దు, అక్కడివారు ఏ పాపం చేసినారు. ఆయన వచ్చే ఫిబ్రవరిలో రిటైరు అవుతారు. అప్పుడు పెన్షను కాగితాలకు ఆయనే వరండాలో నిలవాలి. అంత పెద్ద చదువుకు ముందు ఒక చిన్న తరగతి ఉండుట న్యాయం. ఆరు సోమవారాలు, పది నుంచి ఐదు వరకు, అదే స్తంభం పక్కన నిలబెట్టగలరు. బల్ల ఇవ్వవద్దు. ఏమి అడిగినా ఎవరూ జవాబు చెప్పవద్దు. ఐదుకు జవాను వచ్చి, వచ్చే సోమవారం రమ్మని చెప్పి కిటికీ మూయవలెను.

మూడు అర్జీలు చూడనందుకు బదులుగా ఈ ఒక్కటి తమరే స్వయంగా చిత్తగించవలెను.

శుక్రవారం సాయంత్రం ఐదు వరకు
తమ విధేయుడు,
దుర్గప్ప

మరొక మనవి: పై అర్జీ గురువారం పట్టుకొని వస్తే, లోపలికి తీసుకునేది విరూపాక్ష గారే. నిలబెట్టి మొత్తం చదివినారు. ఏడోది రెండుసార్లు చదివినారు. మడిచి నా చేతికే ఇచ్చి సోమవారం రమ్మన్నారు. శుక్రవారం ఐదు కూడా అయిపోయింది. ఉత్తరువు రాలేదు. ఇది తపాలాలో వేస్తున్నాను. ఈ పూట పుస్తకంలోది కింద ఎత్తి రాసినాను, తమకు తెలియుటకు.

తేది 12-7-2025, శనివారం. సన్న జల్లు. ట్యాంకు నింపినాను. ఒకటో వాల్వు 5-40. రెండోది 6-10. మూడోది 6-40. ఏడింటికి నాలుగోదాని గుంత మూత తీసినాను. వీధిలో పన్నెండు బిందెలు, విరూపాక్ష గారిది ముందు. వాల్వు తిప్పే కడ్డీ లోపలికి దించి

(పుస్తకంలో ఇంతవరకే రాసి ఉంది.)