రంగు వేయని లారీ

ఎచ్చెర్ల,
14 సెప్టెంబరు 2014.

నాన్నకు తులసి నమస్కారాలు.

నేను బాగున్నాను. హాస్టల్లో అన్నం ఫరవాలేదు. నువ్వు ఎలా ఉన్నావో ఈసారైనా రాయి. ఫోన్లో నేను మొదలుపెట్టేలోపు నీ పక్కన హారన్లు మోగుతాయి, మళ్లీ చేస్తానంటావు. అందుకే రాయ్‌పూర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి ఈ ఉత్తరం.

వేరేవాళ్ల లారీ తోలి నువ్వు పంపుతున్న డబ్బుతో ఐదేళ్లుగా మూలపడ్డ మన లారీ దాదాపు తయారైంది. నువ్వు చెప్పినట్టే ప్రతి శనివారం బస్సులు మారి సాలూరు షెడ్డుకి వెళ్తున్నాను. అక్కడ ఆడవాళ్లెవరూ ఉండరు. పాత టైరు మీద కూర్చుని చదువుకుంటాను. పరీక్షకి సదువుతున్నావా, లారీకి కాపలా కాస్తన్నావా అని కూర్మయ్య మేస్త్రి మావ నవ్వుతాడు.

ఇంజను, క్యాబిన్ చెక్క పని అయ్యేసరికి ముప్ఫై వేలు మిగిలాయి. దాంతో రంగులు, అద్దాలు, పూసల తెర వేయించి, క్యాబిన్ నుదుట అమ్మ పేరు మునుపటికన్నా పెద్దగా రాయించమన్నావు. పెయింటర్ గంగులు ‘దాలమ్మ’ అని సుద్దతో గీసి చూపించాడు. అందంగా ఉంది.

నేను వద్దన్నాను. ఆ డబ్బుతో బ్రేకులు, బరువు మోసే కమాను పట్టీలు కొత్తవి వేయమన్నాను.

మావకి కోపం వచ్చింది. “ఏటమ్మా ఇది? రంగు నేని బండి బోడిగుండులాగుంటాది. లోడెవుడిస్తాడు? మీ నాన్నొస్తే నన్ను తంతాడు. ఆ బ్రేకులు ఇంకో ఆర్నెల్లు లాగుతాయి” అన్నాడు. షెడ్డులో అందరూ పని ఆపి నన్నే చూశారు. డబ్బు ఆయన చేతిలో పెట్టి, బ్రేకులు మావా, అని మాత్రం అన్నాను.

లారీ ఇప్పుడు రంగుకి ముందు పూసే ఎర్రటి ప్రైమరుతోనే నిలబడి ఉంది. నీకు నచ్చదు, తెలుసు. వచ్చి తిట్టు. తిట్టడానికైనా రా. కోటబొమ్మాళి ఇల్లు సెలవుల్లో నేనొక్కదాన్నే తీసి, ఊడ్చి, మళ్లీ తాళం వేసి వస్తున్నాను. నువ్వు ఆ గడప తొక్కి ఐదేళ్లయింది.

నీ కూతురు,
తులసి

తా.క. పాత బ్రేకు లైనింగులు విప్పుతూ మావ నోరు జారాడు. ఐదేళ్ల క్రితం కూడా నీ దగ్గర ఒక్క పనికే డబ్బుందట. లైనింగులు అరిగాయని తను చెప్పినా నువ్వు అమ్మ పేరే రాయించావట. ఆ పేరు చూసి మురిసిపోయి అమ్మ మొదటిసారి నీ పక్కన ఎక్కిందట. ఆ ప్రయాణంలోనే సుంకి ఘాటీ కొండదారిలో పడిన బండిని లాక్కురావడానికి వెళ్లింది మావే. రోడ్డు పొడిగా ఉందట.

ఆ పాత పేరున్న చెక్క పలక పొయ్యిలోకి పోబోతుంటే అడిగి తీసుకున్నాను. క్యాబిన్ లోపల, నీ సీటు వెనక బిగించారు.

అమ్మ ఎలా పోయిందని ఎవరైనా అడిగితే, నువ్వు నాకు చెప్పినట్టే, వానకి బండి జారిందనే చెబుతాను.