‘ఎత్తొద్దు’ అని రాసిన కాగితం

మసరత్,

మెకానిక్ వస్తే వద్దని చెప్పి పంపించెయ్. గీజర్ చెడిపోలేదు. మెయిన్ బోర్డులో దాని బటన్ దించి ఉంటే పైకెత్తాను, ఎర్ర లైటు వెలిగింది. అది ఆరాక నీళ్లు పట్టుకో. చేతి కట్టు మాత్రం తడపొద్దు.

బోరు ఎండి ట్యాంకర్ నీళ్లకు మారినప్పుడు మోటరు బటన్ దించి, ‘మోటరు, ఎత్తొద్దు’ అని కాగితం అంటించింది నేనే. చూసుకోకుండా పక్కనున్న గీజర్‌ది దించి, దాని మీదే అంటించాను.

“ఆ కాగితం కింద బటన్ దేనిదో ఒగసారి చూస్తే ఏంబోతాది?” అని గీజర్ ఆగిన మూడో రోజే అడిగావు. “కరెంటు సంగతి నీకేం తెల్సు? గీజర్ కాయిల్ కాల్చింది నువ్వే” అని మీ అక్క ముందర అరిచాను. పది రోజులు పొయ్యి మీద నీళ్లు కాచి మోశావు. చివరికి చెయ్యి కాల్చుకున్నావు. ఈ రోజు ఆసుపత్రికైనా నీతో రావాల్సింది. జమ్మలమడుగులో పనుందని నిన్నొక్కదాన్నే ఆటో ఎక్కించాను.

తప్పు నాదేనని మీ అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

వాహిద్

చీటీ వెనక్కి తిప్పి చూడు. బోర్డు మీద నుంచి పీకిన కాగితం ఇదే. చించబోయి ఆగాను. నువ్వే చించు.