ఉంగరం పెట్టుకున్న వీరుడు

అన్నయ్యా,

నీ సంవత్సరీకం మొన్న ముగిసింది. నిన్న ఉయ్యూరు వెళ్లి జానపద సినిమా చూశాను. నువ్వుంటే మొదటి రోజే చూసేవాడివి. అందులో ఉంగరం మహిమతో గాలిలో ఎగిరి జనాన్ని కాపాడిన వీరుడే, చివరికి వాళ్ల ఇళ్లు తగలబెడతాడు.

ఆట వదిలాక సోడా బండి దగ్గర మన పాలేరు వెంకన్న పెదవి విరిచాడు. "అంత మంచోడు అట్టా మారతాడా? కథ రాసినోడికి బుర్ర లేదు."

పక్కనే మరియమ్మ ఉంది. కృష్ణకు వరద వచ్చినప్పుడు నువ్వు ఆమె కూతురిని భుజాన వేసుకుని ఈదుకొచ్చావు.

"ఎందుకు మారడయ్యా? అందరూ దణ్ణాలు పెడతా ఉంటే మెల్లిగా మారతాడు. నా బిడ్డని బతికించినాయనే, స్థలం తనదని మా పాక పీకించలేదా?" అంది. అప్పుడు నన్ను చూసింది. "ఏవనుకోకండి బాబుగారూ, ఉన్నమాటే అన్నాను."

నువ్వు అలా చేస్తావని నేనూ అనుకోలేదని ఆమెతో చెప్పబోయాను. కానీ ఆ పాక ఉన్న చోట ఇప్పుడు నా గడ్డివాము ఉంది.

నీ తమ్ముడు