పక్కింటాయన అడిగిన ప్రశ్న

నాన్నకు,

నేనిక్కడ కులాసా. మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తానని రాయడానికి మాత్రం ఈసారి చెయ్యి రావడం లేదు. ఫోన్ చేద్దామంటే అమ్మ స్పీకరు పెట్టమంటుంది. అందుకే ఈ ఉత్తరం నీ షాపు అడ్రసుకి కొరియర్‌లో పంపుతున్నాను. కుట్టుమిషన్ దగ్గర ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. గది మారలేదు, పైన ట్యాంకు కారడమూ మానలేదు. ల్యాబులో రోజంతా మైక్రోస్కోపు మీద వంగి నడుము పట్టేస్తోంది. "నాకే లేదు, నీకప్పుడే నడుమేమిటే?" అని మా మేడమ్ ఎగతాళి.

ఇక అసలు ప్రశ్న. మతిమరుపు జబ్బులో నేను చూసే సహాయక కణాలు ఏం చేస్తాయో, వాటిని బాగుచేస్తే మరుపు ఆగుతుందో లేదో పక్కింటాయన కనుక్కోమన్నాడని రాశావు. పక్కిల్లు ఏడాదిగా ఖాళీ కదా నాన్నా.

అయినా చెబుతాను. మెదడులో ఆలోచించే కణాలు వాటంతటవి బతకలేవు. వాటికి తిండి అందించేవి కొన్ని, చుట్టూ చెత్త ఊడ్చేవి కొన్ని ఉంటాయి. ఈ జబ్బులో ఆ చెత్త గడ్డకట్టి పేరుకుంటుంది. ఊడ్చే కణాలు దాని చుట్టూ మూగి, మిగతావాటికి తగలకుండా కాపు కాస్తాయి. ఏళ్ళ తరబడి పైకి ఏమీ తెలియదు. ఆ తర్వాత అవే ఉబ్బి, రెచ్చిపోయి, కణానికీ కణానికీ మధ్యనున్న మంచి అతుకుల్ని కూడా మింగేస్తాయి. మేము ఎలుకల్లో చూసిందే ఎక్కువ. మనుషుల్లో వాటిని దారికి తేగలమా అంటే, ఇంకా తెలియదు. తెలియదని రాయడానికి నాకెప్పుడూ ఇంత భయం వెయ్యలేదు.

పోయిన నెల వచ్చినప్పుడు స్కూలు వ్యాన్‌లో పిల్లలతో పాటు వెనక కూర్చున్నాను. స్టీరింగు దగ్గర అమ్మ. పొద్దున పూట షాపు మూసుకుని మరీ ఆమె పక్కన నువ్వు. "మీ నాన్నకి మరుపు ముదిరిందే. పొయ్యి ఆర్పడు, తాళం ఎక్కడ పెట్టాడో తెలీదు. మీ ల్యాబుకి తీసుకుపో" అంది. "నిజమే, నేనే మర్చిపోయా" అని నవ్వావు. ఆ పొయ్యి వెలిగించి వదిలేసింది అమ్మే. నేను చూశాను.

సర్కిల్ దగ్గర తిరగాల్సిన చోట అమ్మ తిరగలేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. పిల్లలు సంబరపడిపోయి "ఇంకోసారి ఆంటీ, ఇంకోసారి" అని గోల. లారీ ఒకటి హారన్ కొడుతూ కిటికీకి జానెడు దూరంలో దూసుకుపోయింది. "ఇదొక్క రౌండే, తర్వాత బడికే" అని వాళ్ళతో నవ్వి, గొంతు తగ్గించి "ఎడమకి పోనీ" అన్నావు. అద్దంలో అమ్మ కళ్ళు కనిపించాయి. రోజూ తిరిగే ఆ రోడ్డు ఆమెకు కొత్తది.

ఇది ఆ జబ్బేనని నేను తేల్చలేను. డాక్టరు చూడాలి. నువ్వు ప్రతిదీ నీ మీద వేసుకుంటూ పోతే అమ్మ ఆసుపత్రి గుమ్మం ఎప్పటికీ తొక్కదు.

ఇంతసేపు తిప్పి తిప్పి రాస్తున్నది ఇందుకు నాన్నా. నిన్న మధ్యాహ్నం స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. నిన్ను అడగలేదు. అడిగితే "ఇంకో వారం చూద్దామే" అంటావు, నేనూ ఆగిపోతాను. వ్యాన్‌లో ఉన్నది పిల్లలు. ఆదివారం ఆవిడే ఇంటికొచ్చి వ్యాన్ తాళాలు తీసుకుంటుంది. సోమవారం నుంచి వేరే డ్రైవరు. పెద్దవాళ్ళై ఉద్యోగాలకు వెళ్తున్నవాళ్ళు కూడా అమ్మని వ్యాన్ ఆంటీ అనే పిలుస్తారు. నేను ఆమె దగ్గర్నుంచి ఏం లాక్కుంటున్నానో నాకు తెలుసు.

శనివారం వస్తున్నాను. చెప్పింది ఎవరని అమ్మ అడుగుతుంది. నేనేనని చెబుతాను, నువ్వు అడ్డురాకు. తిట్టనీ. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే రోజుల తరబడి మొహం చూసేది కాదు, అలాగే చెయ్యనీ. ఆ కోపానికి నాకు భయం లేదు. సోమవారం పొద్దున్నే తయారై వచ్చి, ఏమీ జరగనట్టు, "మీ నాన్న తాళాలెక్కడ పెట్టాడే, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అని నన్నే అడుగుతుందేమోనని భయం.

ఇట్లు,
నీ పిచ్చితల్లి