బయటి సాకెట్

బావగారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను, మీ చెల్లెలు ఊరుకోనివ్వలేదు.

వంటింట్లో వాషింగ్ మెషీన్ మోతకు తల పగిలిపోతోందనీ, దాన్ని పెరట్లో పెట్టించమనీ ఆవిడ పట్టుబట్టింది కదా. సాకెట్ బిగించడానికి మీరు పంపిన ఎలక్ట్రీషియన్ మంచివాడే. పాటలు కూడా పాడతాడు, అది వేరే సంగతి. పెరడు అటే అనుకుని లోపలి నుంచి గోడకు రంధ్రం చేశాడు. వైరు పక్కింటివాళ్ళ హాల్లో తేలింది.

పక్కింటాయన కోప్పడలేదు. "ఇక్కడో ప్లగ్గు కావాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నామండీ, బిగించెయ్యండి" అన్నాడు. మనవాడు వెళ్ళి బిగించి, వానకు తడవకుండా మూత కూడా పెట్టొచ్చాడు.

నేను తల పట్టుకుంటే మీ చెల్లెలు, "మనింటి బయటంటే బయటే కదండీ!" అంది.

ఇవాళ పొద్దున మెషీన్‌ను మోసుకెళ్ళి వాళ్ళ సోఫా పక్కన పెట్టొచ్చాం.