మొగ కోసే రోజు

మహిపాల్ గారికి,

దిల్‌సుఖ్‌నగర్‌లో మీ పైవాటాలో అద్దెకుండి, మా అమ్మ ఎండుచేపలు వేయించినందుకు ఒక్కపూటలో ఖాళీ చేసినవాళ్లం. "గా కంపు మా ఇంట్ల నడ్వది, సామాను దించుకోర్రి" అన్నారు మీరు. మెట్లమీద కూర్చుని అమ్మ ఏడ్చింది. ఇప్పుడు హయత్‌నగర్‌లో ఉంటున్నాం.

మొన్న ఎండాకాలం మీరే, ఏమీ జరగనట్టు ఫోన్ చేశారు. "తమ్మీ, మీ ఊరి సముద్రం కాడ జాగ చూసిన. కాయితంల మొగదిబ్బ అని రాసిండ్రు. ఏంది గది?" ఆ దిబ్బ పేరేనండీ అన్నాను. అది అబద్ధం కాదు. మిగతాది రిజిస్ట్రేషన్ అయ్యాక చెబుదామని ఆగాను.

మొగ అంటే ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోటు. ఎండాకాలం అలలు ఇసుక తెచ్చి దాన్ని పూడ్చేస్తాయి. మీరు కారు దిగి నడిచింది ఆ ఇసుకమీదే. వానలకు ఏరు పొంగి ఊళ్లోకి రాకుండా, ఏటా మావాళ్లు పారలతో ఆ దిబ్బను కోసి నీళ్లను సముద్రంలోకి వదులుతారు. ఒక్కరోజులో మీ హద్దురాళ్లు ఏటి అడుగున ఉంటాయి.

"ముందే చెప్పెయ్యరా, పాపం" అంది అమ్మ. చెప్పాననే అన్నాను.

ఈ శుక్రవారం మొగ కోస్తున్నారు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కి వెళ్తున్నాను. మొదటి పార నాదే.

ఇట్లు,
ఆ ఎండుచేపలామె కొడుకు