చివరి నంబరు

ప్రియమైన మనవరాలికి,

నేను చెబుతుంటే పక్కవాటా టైలరమ్మ రాస్తోంది. ఫోన్‌లో చెబితే మీటింగ్‌లో ఉన్నానంటావు. కాగితమైతే మధ్యలో పెట్టేయలేవుగా.

ఒంటరి ముసలివాళ్ల ఇళ్లలో గోడకు బటన్ బిగించే కంపెనీ పెట్టావు. నొక్కితే బంధువులకు ఫోన్ వెళ్తుంది. వాళ్లు ఎత్తకపోతే చివరికి నాకొస్తుంది. "మనుషుల్ని పెట్టుకునేదాకా నీ నంబరు పెడతా అమ్మమ్మా, నాలుగు రోజులే" అన్నావు. ఏవే ఆ నాలుగు రోజులు? ముక్కూ మొహం తెలియనివాళ్లంతా నాకే చేస్తున్నారు. ఒకాయన మెట్ల మీద జారాడు. ఇంకొకావిడ తన తాళంచెవి ఎక్కడుందో నన్ను చెప్పమంటుంది! మొదట్లో గుండె దడదడలాడేది. ఇప్పుడేమీ అనిపించడం లేదు. తిట్టాల్సినవాళ్లను తిట్టి, అంబులెన్సు పంపించి, మళ్లీ అన్నంలో చెయ్యి పెడుతున్నాను. ఇలా మొద్దుబారిపోవడం నాకు నచ్చలేదు. నా నంబరు తీసెయ్.

వేలిముద్ర వేసింది,
మీ అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మా,

తీసేస్తాను. కానీ ఆ ప్రోగ్రాం తొందరలో రాసింది. నీ నంబరు ఎన్నిచోట్ల ఇరుక్కుందో మాకే తెలియదు. రాసినతను మానేశాడు. కదిపితే మిగతాదంతా ఆగిపోతుందేమో. దీన్ని మేం టెక్నికల్ డెట్ అంటాం. ఇవాళ పని జరగడానికి అప్పు చేస్తాం, తర్వాత తీరుస్తాం. వచ్చే నెల పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారు. మా దగ్గర ఎత్తని ఫోన్ ఒక్కటీ లేదని వాళ్లకు చూపించాలి. అప్పటిదాకా ఓపిక పట్టు. నీకూ ఒక బటన్ పంపుతున్నాను. నొక్కితే ముందు నాకే వస్తుంది.

నీ బంగారం

ప్రియమైన మనవరాలికి,

ప్రియమైన అని టైలరమ్మ రాసుకుంది. నేను చెప్పలేదు.

ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. స్నానాలగదిలో పడ్డాను. బటన్ నొక్కాను. నువ్వు ఎత్తలేదు. తర్వాత పక్కగదిలో నా ఫోన్ మోగింది. ఎవరో పడ్డారు పాపం, లేచి ఎత్తాలి అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, పడింది నేనే. అది ఆగి ఆగి మోగుతూనే ఉంది. తడినేల మీద పడుకుని విన్నాను. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. జాకెట్టు ఇవ్వడానికొచ్చిన టైలరమ్మ తలుపు పగలగొట్టించింది. తుంటి విరిగింది.

అప్పు చేసింది నువ్వు. సంతకమే రానిదాన్ని, నన్నెలా హామీ పెట్టావే? నా ఫోన్ ఆపేశాను. ఇక ఎవరు పడతారో, ఎవరు ఎత్తుతారో నువ్వే చూసుకో.

మీ అమ్మమ్మ

ప్రియమైన అమ్మమ్మా,

నీ ఫోన్ మోగుతున్నప్పుడు నేను పెట్టుబడివాళ్లకు మా స్క్రీనే చూపిస్తున్నాను. నీ కాల్ అందులో ఎర్రగా వచ్చింది. "ఇదెవరూ ఎత్తలేదేం?" అన్నాడొకాయన. "మేం చేసే టెస్ట్ కాల్ అయ్యుంటుంది" అన్నాను.

నీ ఉత్తరం చదివాక ఆయనకు నిజం చెప్పాను. పెట్టుబడి రాలేదు. కొత్త బటన్లు అమ్మడం ఆపేశాం. నీ నంబరు తీయగానే భయపడ్డట్టే అన్నీ కూలిపోయాయి. ప్రోగ్రాంను మళ్లీ మొదటినుంచి రాస్తున్నాం. అందాకా బటన్ల ఫోన్లన్నీ నేరుగా ఆఫీసుకే వచ్చేలా చేసి, మేమే వంతులేసుకుని ఎత్తుతున్నాం.

ఇవాళ నా వంతు. ఒక పెద్దాయన చేశాడు.

"ఆ తిట్టే అమ్మ ఏదీ?"

"ఆసుపత్రిలో ఉందండీ. నా వల్లే."



"సరేలే అమ్మాయ్. నేను కింద పడున్నాను. ముందు ఎవరినైనా పంపు."

పంపాను.

నీ మనవరాలు